మలేషియాలో తే తారిక్: ఏమని అడగాలి, ఎలా తాగాలి, గదిలో ఎలా కలుపుకోవాలి

కౌలాలంపూర్ టికెట్లు తీసుకున్నవాళ్ళు హోటల్ సంగతి తేలగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కడ నురగ టీ బాగుంటుందట కదా, ఏమని అడగాలి? చక్కెర లేకుండా ఇస్తారా?" వెళ్ళొచ్చినవాళ్ళ ఫిర్యాదు కూడా దానిమీదే. "చక్కెర వద్దని నెత్తీనోరూ బాదుకున్నా పానకం పోశాడు." ఇందులో టీ మాస్టర్ తప్పేమీ లేదు. మన దగ్గర పాలు వేరు, చక్కెర వేరు. అక్కడ రెండూ ఒకే డబ్బాలోంచి వస్తాయి. ఆ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కింద ఉంది.

ముందుగా తెలియాల్సిన కాస్త

తే అంటే టీ. తారిక్ అంటే లాగడం. షాపు తలుపు మీద తారిక్ అని రాసి ఉంటే నెట్టకండి, లాగండి. రెండు స్టీలు మగ్గులు పట్టుకుని, చేయి చాచినంత ఎత్తునుంచి టీని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోస్తుంటే ధారని పట్టి లాగుతున్నట్టే కనిపిస్తుంది. మన బడ్డీకొట్టు మాస్టర్ తిరగబోయడం లాంటిదే. దానివల్ల మూడు పనులు జరుగుతాయి: టీ తాగే వేడికి దిగుతుంది, చిక్కటి పాలు అడుగున నిలవకుండా కలుస్తాయి, గాలి చేరి పైన నురగ కడుతుంది.

రుచి విషయంలో మన టీని మనసులో పెట్టుకుని వెళ్ళకండి. అక్కడ పాలు, టీపొడి కలిపి మరిగించరు. పొడి టీని విడిగా చిక్కటి డికాషన్‌గా దించి, దాంట్లో కండెన్స్‌డ్ మిల్క్ వేస్తారు. హైదరాబాద్ ఇరానీ చాయ్ తాగేవాళ్ళకి ఇది కొత్త కాదు, అక్కడా డికాషన్ వేరు, పాలు వేరు. యాలకులు, మసాలా ఉండవు. అల్లం కావాలంటే విడిగా అడగాలి.

ఈ టీ పుట్టిల్లు మామాక్ దుకాణం, అంటే తమిళ ముస్లింలు నడిపే హోటల్. తమిళ 'మామా'లోంచే ఆ మాట వచ్చింది. 2024 డిసెంబరులో మలేషియా ఉదయపు ఫలహార సంస్కృతిని యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండే అన్నం), రోటీ చనాయ్ పక్కన తే తారిక్ కూడా అందులో ఉంది. చరిత్ర ఇంతవరకు చాలు.

కావలసినవి

- 1, 5, 10 రింగిట్ నోట్లు. మామూలు మామాక్‌లో గ్లాసు 2 నుంచి 3 రింగిట్ల దాకా ఉంటుంది. ఏసీ మాల్‌లో, విమానాశ్రయంలో దానికి రెండు మూడింతలు.
- పది పన్నెండు మలయ్ మాటలు (కింద ఇచ్చాం).
- జేబులో టిష్యూలు. రోటీ చేత్తో తింటారు, బల్లమీద టిష్యూ ఉంటుందన్న హామీ లేదు.
- పావుగంట తీరిక. పరుగులో తాగే టీ కాదు ఇది. నురగ దిగకముందే తాగాలి, నోరు కాల్చుకోకుండానూ తాగాలి.

దుకాణంలో: అడుగు అడుగునా

1. సరైన చోట కూర్చోండి. నాలుగు రకాల చోట్ల ఈ టీ దొరుకుతుంది. మామాక్ హోటళ్ళు, వీటిలో చాలావరకు 24 గంటలూ తెరిచే ఉంటాయి. వారుంగ్ అనే మలయ్ చిన్న హోటళ్ళు. కోపితియాం అనే చైనీస్ కాఫీ షాపులు. చివరగా మాల్‌లోని కేఫ్‌లు. మొదటిసారి అయితే మామాక్‌కే వెళ్ళండి. కోపితియాంలో టీ బాగుంటుంది గానీ చాలాచోట్ల తిరగబోయరు, చెంచాతో కలిపి ఇస్తారు. మాల్ కేఫ్‌లలో కొన్నిచోట్ల నురగని మెషీన్‌తో కొడతారు. అది చూడటానికి బాగుంటుంది, పెదవికి మాత్రం సబ్బు నురగలా తగులుతుంది.

కౌలాలంపూర్‌లో దిగినవాళ్ళు కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్, లేదా మస్జిద్ ఇండియా వీధి చుట్టుపక్కల చూసుకోవచ్చు. పెనాంగ్‌లో అయితే జార్జ్‌టౌన్ పాతబస్తీలో నాసి కందార్ (అన్నం, కూరలు వడ్డించే) హోటల్ ఏదైనా సరే.

2. కూర్చునే ముందు టీ కౌంటర్ వైపు ఒకసారి చూడండి. మూడు గుర్తులు. పొడవాటి గుడ్డ వడపోత, నల్లబడి మేజోడులా వేలాడుతుంటుంది. దాని పక్కన ఆవిరి చిమ్ముతున్న డికాషన్ పాత్ర. రెండు పెద్ద స్టీలు మగ్గులు. ఈ మూడూ ఉండి, పక్కన రెండు రంధ్రాలు పెట్టిన కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా కూడా కనిపిస్తే నిశ్చింతగా కూర్చోండి. టీ బ్యాగుల డబ్బా కనిపిస్తే ఇంకో కొట్టు చూసుకోండి.

వేళ కూడా చూసుకోవాలి. ఉదయం 7 నుంచి 10, సాయంత్రం 4 తర్వాత, రాత్రి 10 తర్వాత జనం తిరుగుతుంటారు కాబట్టి డికాషన్ ఎప్పటికప్పుడు కొత్తది పడుతుంది. మధ్యాహ్నం 2, 3 గంటలకి ఖాళీ హోటల్‌లో పొద్దున దింపిన డికాషనే మగ్గుతూ ఉండొచ్చు, అది చేదెక్కుతుంది. రంజాన్ నెలలో పగలు చాలా ముస్లిం హోటళ్ళు మూసే ఉంటాయి. సూర్యాస్తమయం తర్వాత మాత్రం కుర్చీ దొరకదు.

3. పిలవండి. చెయ్యెత్తి "బాస్" అంటే చాలు, మామాక్‌లో అందరూ అందరినీ అదే పిలుపు పిలుస్తారు. తమిళులని తెలిస్తే "అణ్ణే". మలయ్ హోటల్‌లో మగవాళ్ళని "అబాంగ్", ఆడవాళ్ళని "కాక్" (అన్న, అక్క అనే). వడ్డించేవాళ్ళు బంగ్లాదేశ్, ఇండోనేషియా, తమిళనాడు, ఇలా ఎక్కడివాళ్ళైనా కావచ్చు. అందుకే హిందీ, తమిళం అప్పుడప్పుడు పనిచేస్తాయి, టీ మాటలు మాత్రం మలయ్‌లోనే చెప్పండి. పేరాక్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఎప్పటినుంచో స్థిరపడిన బగాన్ దాతుక్ వైపు వెళ్ళినా టీ పేర్లు మారవు.

4. ఈ వరసలో చెప్పండి: టీ, పాల రకం, చిక్కదనం, తీపి, వేడి లేదా చల్లన. వరస తప్పినా అర్థం చేసుకుంటారు. పాల మాట వదిలేస్తే మాత్రం కండెన్స్‌డ్ మిల్కే పడుతుంది.

- తే అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసిన తీపి టీ. ఉత్త "తే" అన్నా పాలు, తీపి రెండూ వస్తాయి.
- తే తారిక్ అంటే అదే టీ, తిరగబోసి నురగతో.
- తే ఓ అంటే పాలు లేని టీ. జాగ్రత్త, ఇందులో చక్కెర ఉంటుంది.
- తే సి అంటే ఎవాపరేటెడ్ మిల్క్, అంటే నీరు ఇగిర్చిన తీపి లేని పాలు వేసిన టీ. ఇందులోనూ చక్కెర విడిగా వేస్తారు.
- కొసోంగ్ అంటే సున్నా. టీకి చేరిస్తే చక్కెర లేకుండా అని.
- కురాంగ్ మానిస్ అంటే తీపి తక్కువ.
- కావ్ అంటే చిక్కగా, ఘాటుగా.
- హాలియా అంటే అల్లం. తే హాలియా, అల్లం టీ.
- ఆయిస్ అంటే ఐసుతో. పానాస్ అంటే వేడిగా.
- సాతు, దువా, తీగా అంటే ఒకటి, రెండు, మూడు.

మన నాలుకకి సరిపోయే వాక్యం ఒకటే కంఠస్థం చేయాలంటే ఇది చేయండి: "తే తారిక్ కావ్, కురాంగ్ మానిస్." చిక్కటి డికాషన్, తక్కువ తీపి. మనవాళ్ళలో నూటికి తొంభైమందికి ఇది నచ్చుతుందని మా నమ్మకం. మామూలు తే తారిక్ మనకి తీపి ఎక్కువ, ఘాటు తక్కువ అనిపిస్తుంది.

తారిక్‌లో చివరి క్‌ని అక్కడివాళ్ళు గొంతులోనే మింగేస్తారు, "తారీ" అన్నట్టు వినిపిస్తుంది. మీరు క్ పలికినా ఇబ్బంది లేదు.

5. షుగర్ ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ మెట్టు దగ్గరే. కండెన్స్‌డ్ మిల్క్‌లో బరువులో సగానికి పైగా చక్కెరే. గ్లాసుకి రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు 40 గ్రాములు పడితే 20 గ్రాములు దాటి చక్కెర వెళ్ళినట్టు. అది అయిదు టీ చెంచాలు. "నో షుగర్" అంటే మాస్టర్ విడిగా చక్కెర వేయడు, అంతే. డబ్బాలో ఉన్న చక్కెర అలాగే ఉంటుంది. "కురాంగ్ మానిస్" అన్నా పాలు కొంత తగ్గిస్తాడు తప్ప తీపి పోదు.

మీరు అడగాల్సింది "తే సి కొసోంగ్, తారిక్". పాల సహజమైన తీపి తప్ప వేరే చక్కెర ఉండదు, తిరగబోసి ఇస్తారు. నురగ కాస్త పలచగా వస్తుంది, రుచి మన ఇంటి చక్కెర లేని టీకి దగ్గరగా ఉంటుంది. పాలు కూడా వద్దంటే "తే ఓ కొసోంగ్". ఉత్త "తే కొసోంగ్" అనకండి. ఒక్కో కొట్టులో ఒక్కోలా అర్థం చేసుకుంటారు.

సరి చూసుకోవడం తేలిక. గ్లాసు రాగానే చెంచాతో కాస్త తీసుకుని రుచి చూడండి. తియ్యగా తగిలితే కండెన్స్‌డ్ మిల్కో చక్కెరో పడినట్టే. తాగకుండా తిరిగి ఇచ్చి "సి కొసోంగ్" అని ఇంకోసారి చెప్పండి. మొహమాటపడాల్సిందేమీ లేదు.

6. పక్కన ఏదైనా తినండి. ఖాళీ కడుపుతో ఈ టీ వెగటు. జోడు రోటీ చనాయ్, మన పరోటాకి చుట్టం. ప్లేన్ కావాలంటే "రోటీ కొసోంగ్" అంటారు. ఇక్కడ కొసోంగ్ అంటే లోపల ఏమీ పెట్టకుండా అని, చక్కెరతో సంబంధం లేదు. "ఆయెర్ కొసోంగ్" అంటే ఉత్త మంచినీళ్ళు, వీటికీ కొన్నిచోట్ల కొన్ని సెన్లు (అక్కడి పైసలు) పడతాయి.

శాకాహారులకి నాలుగు హెచ్చరికలు. ఒకటి, రోటీ చనాయ్‌తో అలవాటుగా పప్పుతో పాటు చేపల పులుసో కోడి కూరో పోసేస్తారు. ముందే "డాల్ సాజా" (పప్పు మాత్రమే) అనండి. రెండు, రోటీ పిండిలో కొందరు గుడ్డు కలుపుతారు, గుడ్డు రోటీ కాల్చిన పెనమే దీనికీ వాడతారు. మూడు, సంబల్ (మిరపకాయల పచ్చడి) ఎర్రగా ఊరిస్తుంది గానీ అందులో ఎండురొయ్యల ముద్దో నెత్తళ్ళో ఉంటాయి. నాలుగు, డాగింగ్ అన్న మాట కనిపిస్తే అది మాంసం, చాలాసార్లు గొడ్డుమాంసమే. పట్టింపు ఉన్నవాళ్ళు బ్రిక్‌ఫీల్డ్స్‌లోనో బాతు కేవ్స్ (మురుగన్ గుడి ఉన్న గుహలు) మెట్ల కిందనో ఉన్న భారతీయ శాకాహార హోటళ్ళకి వెళ్తే టీ కూడా అక్కడే తాగేయొచ్చు.

7. తిరగబోయడం చూడాలంటే కౌంటర్‌కి రెండు మూడడుగుల దూరంలో నిలబడండి. ఫోటో తీసుకునే ముందు "బోలే ఆంబిల్ గంబార్?" (ఫోటో తీసుకోవచ్చా) అని అడగండి. చాలామంది సంబరపడి ఇంకాస్త ఎత్తుకి లాగి చూపిస్తారు. పిల్లల్ని మాత్రం ముందుకి తోయకండి, ఆ ధార కాలుతూ ఉంటుంది. రద్దీ వేళ అడగకపోవడం మర్యాద.

8. గ్లాసు రాగానే పరీక్షించండి, తర్వాత తాగండి.

- నురగ ఒక వేలు మందాన ఉండాలి. బుడగలు సన్నగా, ఒకేలా ఉండాలి. శనగగింజంత బుడగలు నాలుగు తేలుతుంటే ఒక్కసారి మాత్రమే పోశాడని అర్థం.
- రంగు పండిన ఇటుక రంగు. తెల్లగా పాలిపోతే డికాషన్ పలచన.
- గ్లాసు అడుగున తెల్లటి పొర కనిపించకూడదు. కనిపిస్తే కలవలేదు, చెంచాతో కలుపుకుంటే సరి. నురగ మాత్రం ఇక రాదు.
- మొదటి గుక్కలో ముందు వగరు, వెనక తీపి తగలాలి. తీపే ముందొస్తే రెండో గ్లాసుకి "కావ్" చేర్చండి.

గ్లాసుకి చెవి ఉండకపోవచ్చు. పై అంచునీ అడుగునీ రెండు వేళ్ళతో పట్టుకోండి. నురగని చెంచాతో తీసి పారేయకండి. దాని గుండానే గుక్క లాగాలి, పెదవికి మెత్తగా, నాలుకకి వేడిగా. అక్కడివాళ్ళు కబుర్లలో పడి గంటసేపు ఒకే గ్లాసు ముందు కూర్చుంటారు, అది వాళ్ళ అలవాటు. రుచి కోసం వచ్చిన మీరు అయిదారు నిమిషాల్లో ముగించండి. చల్లారిన కండెన్స్‌డ్ మిల్క్ టీ నోట్లో జిడ్డుగా నిలుస్తుంది.

9. లెక్క. "బాస్, కిరా" అంటే లెక్క చెప్పమని. కొన్నిచోట్ల వడ్డించే అతనే బల్ల చూసి చీటీ రాసిస్తాడు, కౌంటర్‌లో కట్టాలి. టిప్పు ఆనవాయితీ లేదు.

కట్టించుకుని తీసుకెళ్ళాలంటే

"బుంగ్‌కుస్" అనండి. "ఇకాట్ తెపీ" అని చేరిస్తే ప్లాస్టిక్ సంచిలో పోసి, ఒక పక్కగా ముడి వేసి, స్ట్రా దూర్చి ఇస్తారు. చేతికి తగిలించుకుని నడవడానికి బాగుంటుంది, చల్లటి తే ఆయిస్‌కి మరీ. వేడి టీకి మాత్రం ఇది తీసుకోకండి: సంచి చేతిని కాలుస్తుంది, కింద పెట్టడానికి వీల్లేదు, నురగ ముడి దగ్గరే చచ్చిపోతుంది. వేడిది కావాలంటే "చావాన్" (కప్పు) అడగండి, లేదా మీ ఫ్లాస్క్ ఇవ్వండి.

సంచి పట్టుకుని మెట్రో ఎక్కకండి. కౌలాలంపూర్ రైళ్ళలో తినడం, తాగడం నిషేధం. సింగపూర్ ఎంఆర్‌టీలో అయితే జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా పడుతుంది.

సింగపూర్‌లో మారేవి

పేరు అదే, కొన్ని మాటలు వేరు. ఐసుకి "పెంగ్", తీపి తక్కువకి "సియు దాయ్", చిక్కదనానికి "గావ్". షుగర్ ఉన్నవాళ్ళ వాక్యం "తే సి కొసోంగ్" అక్కడా అదే. హాకర్ సెంటర్‌లో (చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకచోట ఉండే ఆవరణ) ముందు డబ్బు, తర్వాత టీ. ట్రే మీరే తీసుకెళ్ళి నిర్ణీత చోట పెట్టాలి, వదిలేస్తే జరిమానా పడొచ్చు. నురగ కావాలంటే చైనీస్ డ్రింక్స్ స్టాల్ కాకుండా ఇండియన్ ముస్లిం స్టాల్ చూసుకోండి. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో వెతుక్కోనక్కర్లేదు.

గదిలో, ఇంట్లో కలుపుకోవాలంటే

రెండో రోజుకల్లా చాలామంది అడిగేది ఇది. సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో స్టవ్ ఉంటే అచ్చం కొట్టు రుచి వస్తుంది. కెటిల్ మాత్రమే ఉంటే ముప్పావు వంతు వస్తుంది.

రెండు గ్లాసులకి:

- నీళ్ళు 400 మిల్లీలీటర్లు
- డస్ట్ టీ నాలుగు టీ చెంచాలు నిండుగా. కామెరాన్ హైలాండ్స్‌లో పండే బో టీ సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. ఇంట్లో అయితే మన అస్సాం డస్ట్ భేషుగ్గా సరిపోతుంది. ఆకు టీ, గ్రీన్ టీ పనికిరావు.
- కండెన్స్‌డ్ మిల్క్ మూడు పెద్ద చెంచాలు (సుమారు 60 గ్రాములు). అక్కడి డబ్బాల మీద "సుసు పెకాట్ మానిస్" అనో "క్రిమెర్ మానిస్" అనో ఉంటుంది. క్రిమెర్ అని ఉన్నవాటిలో పాల కొవ్వుకి బదులు పామాయిల్ ఉంటుంది. కొట్లలో వాడేది ఎక్కువగా అదే. ఇక్కడ మిల్క్‌మెయిడ్ వాడుకోవచ్చు.
- ఎవాపరేటెడ్ మిల్క్ రెండు పెద్ద చెంచాలు. మన ఊళ్ళలో దొరకడం కష్టం. చిక్కటి పాలు 200 మిల్లీలీటర్లు సన్నసెగన సగం అయ్యేదాకా ఇగరబెట్టి వడకట్టండి, పని జరుగుతుంది.
- పెద్ద స్టీలు మగ్గులు రెండు, ఒక్కోటి కనీసం లీటరు పట్టేవి, చెవి ఉన్నవి. హోటల్ గదిలోని పింగాణీ కప్పులతో ప్రయత్నించకండి.
- వడకట్టడానికి పలచటి నూలు గుడ్డ. ప్లాస్టిక్ జల్లెడలోంచి డస్ట్ దిగిపోతుంది.

చేసే తీరు

1. నీళ్ళు తెర్లనిచ్చి పొడి వేయండి. సన్నసెగన 3 నిమిషాలు, దించి మూతపెట్టి ఇంకో 5 నిమిషాలు. రంగు దాదాపు కాఫీ డికాషన్‌లా నల్లగా ఉండాలి. "ఇంత చిక్కగానా" అని భయపడి నీళ్ళు కలపకండి, పాలు పడ్డాక సర్దుకుంటుంది.
2. గుడ్డలో వడకట్టండి. పిండకండి, చేదు దిగుతుంది.
3. రెండు మగ్గులనీ, తాగే గ్లాసులనీ వేడినీళ్ళతో తొలవండి. ఈ మెట్టు ఎగ్గొట్టినవాళ్ళ టీ తిరగబోయడం అయ్యేసరికి చల్లారిపోతుంది.
4. మగ్గులో ముందు కండెన్స్‌డ్ మిల్క్, దాని మీద వేడి డికాషన్, ఆపైన ఎవాపరేటెడ్ మిల్క్. చెంచాతో అడుగంటా కలపండి.
5. ఇప్పుడు తిరగబోయండి. సింక్ మీదే నిలబడండి. మొదట రెండు మగ్గులూ దగ్గరగా, జానెడు దూరంలో పెట్టి పోయడం మొదలుపెట్టండి. ధార నిలకడగా పడుతుంటే పై చేయి ఎత్తండి, కింది చేయి దించండి. మగ్గు ఖాళీ అయ్యేలోగా మళ్ళీ దగ్గరికి తెండి. చూపు ఎప్పుడూ కింది మగ్గు మీదే ఉండాలి.
6. ఇలా ఆరు నుంచి ఎనిమిది సార్లు. చివరి రెండు సార్లు మీ చేయి సాగినంత ఎత్తునుంచి.
7. టీని గ్లాసులో ముప్పావు వంతు పోసి, మగ్గులో మిగిలిన నురగని పైన వదలండి.

మొదటి నాలుగైదు సార్లు చన్నీళ్ళతో సాధన చేయండి. నీళ్ళు నేలపాలు కాకుండా రెండడుగుల ఎత్తునుంచి పోయగలిగాకే వేడి టీకి రండి. చెప్పులు వేసుకోండి, పొట్టి చేతుల చొక్కా మానండి. పిల్లలు వంటింట్లో తిరుగుతుంటే జానెడు ఎత్తులోనే పది పన్నెండు సార్లు పోస్తే చాలు, నురగ కాస్త తక్కువైనా రుచికి లోటుండదు.

కెటిల్ మాత్రమే ఉంటే: 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళకి మూడు టీ బ్యాగులు, మూతపెట్టి 6 నిమిషాలు. పెద్ద చెంచాన్నర కండెన్స్‌డ్ మిల్క్. తిరగబోయడానికి బదులు గట్టి మూత ఉన్న స్టీలు ఫ్లాస్క్‌లో సగం దాకా మాత్రమే పోసి, గుడ్డ చుట్టి 20 సెకన్లు ఊపండి. నిండుగా పోస్తే ఆవిరికి మూత ఎగురుతుంది. తెరిచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని నెమ్మదిగా తెరవండి. కెటిల్‌లోనే టీ పొడి, పాలు వేసి మరిగించకండి. అడుగంటుతుంది, హోటల్‌వాళ్ళు డబ్బు కట్టమంటారు, మీ తర్వాత వచ్చేవాళ్ళకి పాలవాసన మిగులుతుంది.

అల్లం టీకి: రెండంగుళాల అల్లం దంచి, టీ పొడి వేయకముందే నీళ్ళలో 5 నిమిషాలు మరిగించండి. పచ్చి అల్లం రసం చివర్లో పిండితే పాలు విరుగుతాయి. అందులోని ఎంజైమ్ మరిగితేనే చస్తుంది.

ఎక్కడ చెడుతుంది

*నురగ రాలేదు.* నూటికి ఎనభై సార్లు కారణం పలచటి డికాషనో తక్కువ పాలో. పాలలోని ప్రొటీన్ బుడగల చుట్టూ పొరలా పట్టుకుంటేనే నురగ నిలుస్తుంది, అందుకే నీళ్ళ టీని ఎంత ఎత్తునుంచి పోసినా ఉపయోగం లేదు. చల్లారాక తిరగబోసినా ఇదే గతి. వడకట్టిన వెంటనే మొదలుపెట్టాలి.

*బుడగలు పెద్దవిగా వచ్చి టప్పున పగిలిపోతున్నాయి.* ధార లావుగా పడుతోంది. మగ్గు వంచడం తగ్గించి, పెన్సిల్ అంత సన్నగా పోయండి. మరో నాలుగు సార్లు తిరగబోస్తే సర్దుకుంటుంది.

*గొంతు పట్టేసే వగరు.* పొడి ఎక్కువసేపు మరిగింది, లేదా గుడ్డని పిండారు. కండెన్స్‌డ్ మిల్క్ ఇంకా పోసి దిద్దాలని చూడకండి, తీపి పెరిగి రెండూ పాడవుతాయి. ఎవాపరేటెడ్ మిల్క్ మాత్రం ఒక చెంచా చేర్చండి.

*సగం టీ బల్లమీదే.* మగ్గు నిండుగా పోసుకుని ఉంటారు. ఎప్పుడూ సగానికి మించి ఉండకూడదు.

కలిపినది సరిగ్గా వచ్చిందా అంటే, గ్లాసు పక్కన పెట్టి మూడు నిమిషాలు ఆగండి. నురగ అప్పటికీ పైన అంతా కప్పి ఉంటే వచ్చినట్టే. అంచుల దగ్గర ఉంగరంలా మాత్రమే మిగిలితే ఈసారి ఇంకో నాలుగు సార్లు తిరగబోయండి.

సామాను తెచ్చుకునేవాళ్ళకి

సూపర్‌మార్కెట్లలో త్రీ ఇన్ వన్ పొట్లాలు రకరకాలు దొరుకుతాయి. వాటిలో చక్కెర ముందే కలిసి ఉంటుంది, ఆఫీసులో పంచడానికి సరే గానీ షుగర్ ఉన్నవాళ్ళకి ఇవ్వకండి. డబ్బు పెట్టాల్సింది డస్ట్ టీ పొట్లం మీద, గుడ్డ వడపోత మీద. వడపోత కొత్తది తెచ్చాక వాడబోయే ముందు పాత టీ పొడితో ఒకసారి మరిగించి పిండేయండి, లేకపోతే మొదటి రెండు గ్లాసులకీ కొత్త గుడ్డ వాసన వస్తుంది. సబ్బు పెట్టకండి. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా కొంటే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాల లెక్కలోకి వస్తుంది కాబట్టి చేతిసంచిలో ఉంటే తనిఖీ దగ్గరే తీసేస్తారు.